టైమ్ స్పైలో స్కోరు బానే ఉంది, మరి గేమ్‌లో ఏమైంది?

ప్రశ్న: సార్, నాది రైజెన్ 5 3600, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు, ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్కు. టైమ్ స్పై అనే బెంచ్‌మార్క్ టెస్టులో గ్రాఫిక్స్ స్కోరు 8,600 దాటింది, ఈ కార్డుకి అందరికీ ఇంచుమించు అంతే వస్తోంది. కానీ సైబర్‌పంక్ 2077 గేమ్‌లో యూట్యూబ్ వాళ్లకొచ్చే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) నాకు రావట్లేదు, జనం ఎక్కువున్న వీధుల్లోకెళ్తే మరీ ఆగి ఆగి ఆడుతోంది. షాపతను కార్డు మార్చెయ్యమంటున్నాడు. మార్చాలా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండీ, డబ్బులు దాచుకోండి. టైమ్ స్పైలో గ్రాఫిక్స్ స్కోరు వేరు, సీపీయూ స్కోరు వేరు, మొదటిది అందరితో సమానంగా వచ్చిందంటే మీ కార్డు సుబ్బరంగా పనిచేస్తున్నట్టే. రివ్యూలు చేసేవాళ్లు కార్డు సత్తా ఒక్కటే బయటపడాలని కావాలనే 7800ఎక్స్3డీ లాంటి ఖరీదైన ప్రాసెసర్ పెట్టి టెస్ట్ చేస్తారు, ఆ నంబర్ మీ 3600 మీద రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్లు వేసుకుని జీపీయూ యూసేజ్, అంటే కార్డు ఎంత శాతం పనిచేస్తోందో, స్క్రీన్ మీద కనపడేలా పెట్టండి, ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే వీసింక్ తీసేయండి, ఆ జనం ఉన్న వీధిలోనే తిరగండి. 97, 98 శాతం చూపిస్తే కార్డు దాని శక్తికొద్దీ లాగుతున్నట్టు, 60, 70 దగ్గరే ఊగుతుంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఇంకా డౌటుంటే రెజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించండి, అప్పుడు కూడా ఎఫ్‌పీఎస్ పెరగలేదంటే దోషం కార్డుది కాదు. ముందు ఇంకో 16 జీబీ స్టిక్కు, ఉన్నదానికి మ్యాచ్ అయ్యేది, వేసి డ్యూయల్ ఛానెల్ చేయండి (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసి ప్రాసెసర్‌కి డేటా వేగంగా అందుతుంది), గేమ్‌లో క్రౌడ్ డెన్సిటీ తగ్గించండి. షాపతనికి ఇది తెలియదనుకోను, కార్డులో మిగిలేంత ర్యామ్‌లో మిగలదు మరి!

ఇంకోటి, యావరేజ్ చూసి మోసపోకండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, యావరేజ్ 80 ఉన్నా మధ్యమధ్యలో ఒక్కో ఫ్రేము 50 మిల్లీసెకన్లు తీసుకుంటే కంటికి తెలిసేది ఆ కుదుపే. అందుకే 1% లోస్ అనే నంబర్, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల దగ్గరి ఎఫ్‌పీఎస్, చూడాలి, ఉచితంగా దొరికే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్‌తో సహా వస్తుంది. మొదటి రన్ లెక్కలోకి తీసుకోకండి, షేడర్లు, అంటే బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు, అప్పుడే కంపైల్ అవుతుంటాయి. మీ ఊరి మే నెల ఎండల్లో అయితే కార్డు బాగా వేడెక్కేదాకా కాసేపు ఆడి ఆ తర్వాతే కొలవండి, ఏసీ గదిలో తీసిన రిజల్ట్‌తో పోల్చుకుని బాధపడకండి.

ప్రశ్న: కంపెనీలు లాంచ్‌లో చూపించే గ్రాఫులు నమ్మొచ్చా?
— ఇంకో పాఠకుడు, తెనాలి

జవాబు: కింద సన్నక్షరాలు చదివాక నమ్మండి. 2025 జనవరిలో ఎన్విడియా తన కొత్త 5070 కార్డుకి అంతకుముందు తరం టాప్ కార్డు 4090 పెర్ఫార్మెన్స్ అంది, అది డీఎల్‌ఎస్‌ఎస్ 4 అనే వాళ్ల టెక్నాలజీ మధ్యలో కల్పించి పెట్టే ఫ్రేముల్ని (దీన్నే ఫ్రేమ్ జనరేషన్ అంటారు) కూడా కలుపుకుంటేనే. ఇది కొత్త జబ్బేం కాదు లెండి, 2001లో ఏటీఐ కంపెనీ రేడియాన్ 8500 కార్డు వచ్చినప్పుడు క్వేక్ 3 గేమ్ ఫైల్ పేరు క్వాక్ అని మార్చి చూస్తే స్పీడు పడిపోయింది, డ్రైవరు గేమ్ పేరు చూసి బొమ్మ క్వాలిటీ తగ్గించేసేది! ఫ్రేమ్ జనరేషన్ ఆఫ్ చేసి తీసిన నంబర్లు ఇచ్చే రివ్యూ దొరికేదాకా ఆర్డర్ పెట్టకండి.