ఆట కుదిస్తే కొత్త దేశాలొస్తాయా?

ప్రశ్న: రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ), ముగ్గురి బాస్కెట్‌బాల్, టీ20... ఇవన్నీ పెద్ద ఆటలను కుదించినవే కదా? వీటివల్ల ఆట కొత్త దేశాలకు పాకుతుందంటే నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు. కానీ ఆట త్వరగా ముగియడం ఒక్కటే కారణం కాదు. ఎంతమందిని తయారుచేసుకోవాలి, టోర్నీ ఎన్నాళ్లకు తేలుతుంది అనేవే అసలు సంగతులు.

పదిహేను మంది రగ్బీలో స్క్రమ్‌కు, అంటే రెండు జట్లవాళ్లు భుజాలు ఆనించి బంతి కోసం నెట్టుకునే ఘట్టానికి, జట్టుకు ఎనిమిది మంది దిగుతారు. ముందు వరసలో నిలబడే ముగ్గురికి ఏళ్ల తర్ఫీదు కావాలి, వాళ్లకు దెబ్బ తగిలితే అంతే నేర్పున్నవాళ్లు బెంచీ మీద ఉండాలి. చిన్న దేశాలు చతికిలపడేది ఇక్కడే. పైగా 80 నిమిషాలు ఆడినవాళ్లను మర్నాడే మళ్లీ దించలేం. సెవెన్స్‌లో స్క్రమ్‌కు ముగ్గురు చాలు. 7 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 2 నిమిషాల విరామం. 12 జట్లను మూడు గ్రూపులు చేస్తే తొలి దశకు 18 మ్యాచ్‌లు. ఒక్కోదానికి 22 నిమిషాలు కేటాయించినా ఆరు గంటల 36 నిమిషాల్లో, ఒకే మైదానంలో, ఒకే రోజు అయిపోతాయి. మర్నాడు నాకౌట్ పెట్టుకోవచ్చు.

1924 తర్వాత ఒలింపిక్స్‌కు దూరమైన రగ్బీ 2016 రియోలో ఈ రూపంలోనే తిరిగొచ్చింది. పురుషుల ఫైనల్లో ఫిజీ 43-7తో గ్రేట్ బ్రిటన్‌ను ఓడించింది. ఫిజీకి అదే తొలి ఒలింపిక్ పతకం. ఒలింపిక్ ఆట అనిపించుకుంటే చాలా దేశాల్లో ప్రభుత్వ నిధులకు దారి తెరుచుకుంటుంది. పతకం కన్నా ఇదే పెద్ద లాభమని మా అభిప్రాయం. క్రికెట్ దారి వేరు: ఐసీసీ 2019 జనవరి 1 నుంచి సభ్య దేశాలన్నిటి పురుషుల జట్లకూ టీ20 అంతర్జాతీయ హోదా ఇచ్చింది. దాంతో చిన్న జట్లు తమలో తాము ఆడుకునే మ్యాచ్‌లకూ ర్యాంకింగ్ విలువ వచ్చింది.

ప్రశ్న: చిన్న ఆటలో రాటుదేలినవాళ్లు పెద్ద ఆటకు సరిపోతారా?

జవాబు: సగమే. ముగ్గురి బాస్కెట్‌బాల్ అర కోర్టులో, 12 సెకన్ల షాట్ గడియారంతో (బంతి అందాక ఆలోపే బుట్టలోకి విసరాలి) సాగుతుంది. 10 నిమిషాలు గడిచినా, ఎవరైనా 21 పాయింట్లు చేసినా ఆట ముగుస్తుంది. ఎదురుగా ఒక్కణ్ణి దాటడం, తక్షణం నిర్ణయించుకోవడం బాగా ఒంటబడతాయి. బంతి పోగానే కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తి కాపాడుకోవడం మాత్రం అలవాటవదు. సెవెన్స్‌లోనూ అంతే: మైదానం పూర్తి కొలతదే కాబట్టి పరుగు, ఒంటరిగా టాకిల్ చేయడం (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టడం) వస్తాయి, ఎనిమిది మంది స్క్రమ్ రాదు. అందుకని వారాంతపు టోర్నీలతో సరిపెట్టకుండా, వారం వారం ఆడే పూర్తిస్థాయి లీగ్‌ను కనీసం జూనియర్లకైనా పక్కనే నడపాలి.