అమెరికా అధ్యక్షుడు మారితే విదేశాంగ విధానం, మన రొయ్యల మీద సుంకం కూడా మారిపోతాయా?

పూర్తిగా మారవు, అధ్యక్షుడి మాటతీరు, ఆయన సొంత ఉత్తర్వులు మారతాయి గానీ, చట్టంగా, ఒప్పందంగా పాతుకుపోయినవి చాలావరకు అలాగే నడుస్తాయి.

ఎందుకంటే అక్కడ అధికారం ఒక్కచోట లేదు. ఒప్పందానికి అక్కడి పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో మూడింట రెండొంతుల ఆమోదం కావాలి, ఖర్చుకు డబ్బు ఆ పార్లమెంటే, అంటే అమెరికా కాంగ్రెసే ఇవ్వాలి. 1949లో పుట్టిన నాటో సైనిక కూటమి నుంచి ఏ అధ్యక్షుడూ తనంతట తాను బయటికి రాకుండా 2023 డిసెంబరులో చట్టమే చేశారు.

మన కోస్తాలో కొత్తపట్నం, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులే చూడండి. అమెరికా రొయ్యల పరిశ్రమ ఫిర్యాదుతో 2005లో మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే సరుకును మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే సుంకం పడింది. బుష్ పోయి ఒబామా, ఆ తర్వాత ట్రంప్, బైడెన్ వచ్చినా అది పోలేదు. అమెరికా వాణిజ్య శాఖ ఏటా రేటు లెక్కగడుతుంది. అయిదేళ్లకోసారి ఆ శాఖా, అమెరికాదే అయిన అంతర్జాతీయ వాణిజ్య కమిషనూ సమీక్షించి కొనసాగిస్తూ వచ్చాయి. రాత్రంతా ఏరేటర్లు తిప్పి పెంచిన సరుకుకి పట్టుబడి రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) చూసి చెప్పే ధరలో ఈ భారం కూడా కలిసే ఉంటుంది.

దీన్ని తెరవెనుక శక్తుల పని అనుకోవడం పొరపాటు. ఇదంతా బహిరంగంగా, చట్టప్రకారం జరిగేదే. అలాగని అధ్యక్షుడు ఉత్త విగ్రహమూ కాదు: 2025 ఆగస్టులో భారత సరుకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది ట్రంప్ ఉత్తర్వులే. అలాంటిది మరో ఉత్తర్వుతో పోతుంది. 2005 నాటిది అలా పోదు.