దవడకు ప్యాడ్లు అంటించే ముందు

చిట్టీ,

దవడ నొప్పికి టెన్స్ మిషన్, అదే చర్మానికి ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించేది, వాడబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. రెండేళ్లుగా పంటి బిగువున భరించావు, ఇప్పటికైనా పూనుకున్నందుకు సంతోషమే. కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డెంటిస్టుకు చూపించావు కదా? పన్ను పుచ్చి చీము పట్టిన నొప్పిని కరెంటుతో జోకొట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టరు చెప్పనిదే దీని జోలికి పోకూడదు. నీకవి లేవు. కడుపుతో ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పు.

మొహానికి క్రీము లేకుండా కడిగి, తుడుచుకుని ప్యాడ్లు అంటించు. పళ్లు బిగిస్తే చెంప మీద ఉబ్బే కండ ఉంది చూడు, అక్కడ. కంటి దగ్గర, మెడ ముందువైపు వద్దే వద్దు. గుండె వేగాన్నీ బీపీనీ కనిపెట్టే నరాలు మెడలోనే ఉంటాయి.

ఇక నేను చేసిన తప్పు. నేనూ దవడ నొప్పికి ఇదే మిషన్ వాడేదాన్ని. ఒకరోజు ప్యాడ్లు తీశాక, ఎన్నో నెలల తరవాత చెంప తేలిగ్గా అనిపించింది. నయమైపోయిందనుకున్నాను. యాపిల్ కాయను కోయకుండా, నోరు బార్లా తెరిచి కొరికాను. చెవి పక్కన టక్కుమంది. అంతే, నోరు తెరుచుకోలేదు. నిలువుగా మూడు వేళ్లు పట్టే నోట్లో ఒక్క వేలు అతికష్టం మీద దూరింది. దవడ కీలు మధ్య ఉండే మెత్తటి బిళ్ల జారి అడ్డం పడిందన్నారు. మళ్లీ సరిగా తెరుచుకోవడానికి వారాలు పట్టింది. నీకప్పుడు ఆరేళ్లు. "పెద్దమ్మా, కోపమొచ్చిందా, నోరు తెరవవేం?" అంటూ నా ఒళ్లో కూర్చుని, నీ చిన్న వేళ్లతో నా పెదవులు విడదీయబోయావు. ఏడుపు ఆపుకోలేకపోయాను తల్లీ.

మిషన్ ఏం చేస్తుందో నాకు అప్పుడు తెలియదు. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉంటుంది కదా, ఇదీ అంతే. స్పర్శ కబురు గట్టిగా వెళ్తుంటే నొప్పి కబురుకు గేటు సగం మూసుకుంటుందని 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. గేటు మూసుకున్నంత మాత్రాన కీలు బాగుపడదు. నొప్పి తగ్గిన ఆ గంటల్లోనే దవడను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. చిన్న ముక్కలే తిను, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకో.

బటన్ పెంచుకుంటూ పోకు. నీకు ఏదైనా ఫుల్లుగా పెట్టడం అలవాటు, నాకు తెలుసు. సెకనుకు 80, 100 సార్లు కొట్టే సెట్టింగులో చీమలు పాకినట్టు జుమ్మంటే చాలు, కండ బిగుసుకుంటే ఎక్కువైనట్టే. 2, 4 సార్లు కొట్టేది కండను ఎగరేస్తుంది. అది ఫిజియోథెరపిస్టు చెప్తేనే. పెట్టుకుని నిద్రపోకు, బండి నడపకు.

ఫోన్ చూస్తూ పళ్లు నూరుతావే, మొన్న నీ చెంప కదలడం చూశాను. పెదవులు కలిసి ఉండనీ, పళ్లు మాత్రం విడిగా ఉండాలి.

మొదటి రోజు ప్యాడ్లు అంటించి, ఆన్ చెయ్యకముందే నాకు వీడియో కాల్ చెయ్యి. ఎక్కడ పెట్టావో చూస్తాను.

మీ పెద్దమ్మ