టెక్ సందేహాలు: షూటింగ్ రేంజ్ మరమ్మతులకు ఏ మల్టీటూల్ మేలు?

ప్రశ్న: విశాఖపట్నం మద్దిలపాలెం ప్రాంతంలో ఒక విద్యాసంస్థకు చెందిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌కు నిర్వాహకుడిగా పనిచేస్తున్నాను. మొత్తం ఎనిమిది లేన్లు. కాగితపు టార్గెట్లను ముందుకూ వెనక్కూ నడిపే మోటారు క్యారియర్లు, సన్నని స్టీలు తీగలు, వాటి వెనుక పెల్లెట్ ట్రాపులు (గుళ్లను ఆపి పట్టే పెట్టెలు), పైన దీపాలు ఉన్నాయి. రోజుకొక చిన్న మరమ్మతు తప్పడం లేదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చిన ఒక మల్టీటూల్ (అనేక పనిముట్లు ఒకే పిడిలో మడిచి ఉండేది) కొన్నాను. ఏడాది తిరగకముందే కీలు దగ్గర తుప్పు పట్టింది, స్క్రూడ్రైవర్ కొన అరిగిపోయింది. ఈసారి దృఢమైనది కొనదలచుకున్నాను. లెదర్‌మన్, విక్టోరినాక్స్ కంపెనీల పేర్లు చెబుతున్నారు. తుపాకుల కోసమే తయారైన మల్టీటూల్స్ కూడా ఉన్నాయట. ఏది తీసుకోమంటారు? ఫొటోలు జతచేశాను.

జవాబు: మీరు పంపిన ఫొటోల్లో మూడో లేన్ క్యారియర్ క్లిప్పు ఫొటోను బాగా పెద్దది చేసి చూశాను. క్లిప్పును పట్టి ఉంచే చిన్న స్టార్ స్క్రూ తలపై ఉండవలసిన ప్లస్ గాడి దాదాపు గుండ్రటి గుంటగా మారిపోయింది. గాడి అంచుల దగ్గర లోహం కొత్తగా తళుక్కుమంటోంది. పక్కనే రేకు మీద, స్క్రూ దగ్గర మొదలై బయటికి జారిపోయిన అంగుళం పొడవు గీత ఒకటి ఉంది. స్క్రూడ్రైవర్ కొన గాడిలో సరిగా కూర్చోక, తిప్పగానే పైకి లేచి జారిపోయిందని ఆ గీతే చెబుతోంది. తక్కువ ధర మల్టీటూల్స్‌లో స్టార్ స్క్రూడ్రైవర్ చాలావరకు బల్లపరుపు రేకును రెండు వైపులా చెక్కి చేసినదే కాబట్టి, గాడికున్న నాలుగు చేతుల్లో రెండింటినే పట్టుకుంటుంది. పైగా మీ క్లిప్పు స్క్రూ ఫొటోలో చూస్తే ఒకటో నంబరు కొలతలా కనిపిస్తోంది. మల్టీటూల్స్‌లో ఎక్కువగా వచ్చేది రెండో నంబరుకు దగ్గరి కొన. తుప్పు కంటే ముందు మీ పనిని చెడగొట్టింది ఈ పొంతన లేకపోవడమే అని నా అభిప్రాయం.

అందుచేత ఏ మోడల్ కొనాలో తేల్చుకోవడానికి ముందు, సాధన లేని ఒక రోజు చూసుకుని, నోటు పుస్తకంతో ఎనిమిది లేన్లూ తిరిగి, రేంజ్‌లో ఉన్న ప్రతి స్క్రూనూ నట్టునూ కొలతతో సహా రాసుకోండి. క్లిప్పు స్క్రూలు, మోటారు మూతలు, దీపాల బ్రాకెట్లు, ట్రాపు వెనుక రేకు బోల్టులు, లేన్ నంబరు పలకలు, అన్నీ రాయాలి. నేను చూసిన రేంజ్‌లలో ఈ జాబితా తయారైతే, ఒకటో నంబరు, రెండో నంబరు స్టార్ కొనలు, రెండు రకాల ఫ్లాట్ కొనలు, 2.5, 3, 4 మిల్లీమీటర్ల ఎల్-కీలు, 8, 10 మిల్లీమీటర్ల నట్లు కలిపి నూటికి తొంభై పనులు వాటితోనే అయిపోతాయని తేలేది. ఎన్ని పనిముట్లు ఉన్నాయని పెట్టె మీద రాసిన సంఖ్యకు ఈ పట్టికలో చోటు లేదు. చేపల పొలుసు తీసే బ్లేడు, సీసా మూత తీసే కొక్కెం మీ లేన్లలో ఎక్కడా పనికిరావు.

ఇంత చిన్న స్క్రూకు ఇంత ఆలోచన ఎందుకని మీ సహోద్యోగులు అడిగితే, టార్గెట్ కొలతలు చూపించండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే, అన్నిటికంటే బయటి వలయం 45.5 మిల్లీమీటర్లు. క్లిప్పు వదులై, ఫ్యాను గాలికి కార్డు ఒక వెంట్రుకవాసి ఊగినా, పిల్లవాడు తన శ్వాసనూ భుజాన్నీ తప్పుపట్టుకుంటాడు. నెలల తరబడి లేని తప్పును సరిదిద్దుకుంటూ కూర్చుంటాడు. ఆ నష్టాన్ని స్కోరు కాగితం ఎప్పటికీ చూపించదు.

ఇక కొనుగోలు సంగతి. మొదట చూడవలసినది బిట్లు, అంటే విడిగా తీసి పెట్టే స్క్రూడ్రైవర్ కొనలు, మార్చుకునే సదుపాయం. బజారులో విడిగా దొరికే బిట్లకు వెనుక భాగం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల ఆరు పలకల కాడ ఉంటుంది. ఆ కాడను నేరుగా పట్టే మల్టీటూల్ అయితే, అరిగిన బిట్టు స్థానంలో డాబాగార్డెన్స్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా కొత్తది తెచ్చుకోవచ్చు. లెదర్‌మన్ వేవ్ ప్లస్, సర్జ్ వంటి మోడళ్లలో ఉండేది ఆ కంపెనీకే ప్రత్యేకమైన పలుచటి బిట్టు. మామూలు బిట్లు వాడాలంటే దానికి అమర్చే ఎక్స్‌టెన్షన్‌ను విడిగా కొనాలి. ఆ ఖర్చును కూడా ధరలో కలిపి చూడండి. రెండోది తాళం. ప్లేయర్ (పటకారు) ఒక్కటే కాకుండా స్క్రూడ్రైవర్, ఆకురాయి, బ్లేడు, తెరిచిన ప్రతి పనిముట్టూ టక్కుమని బిగుసుకుని నిలవాలి. తాళం లేని స్క్రూడ్రైవర్ మీద బలం పెడితే అది మడుచుకుని వేళ్ల మీదకే వస్తుంది. మూడోది ప్లేయర్ నోరు. దుకాణంలో దాన్ని మూసి దీపం వైపు పట్టి చూడండి. కొన దగ్గర దవడలు రెండూ పూర్తిగా కలిసి, మధ్యలో వెలుతురు కనిపించకుండా ఉండాలి. ఆ తర్వాత ఒక కాగితాన్ని కొనతో పట్టి లాగండి, జారకూడదు.

మీరు అడిగిన పేర్లలో లెదర్‌మన్ వేవ్ ప్లస్ దాదాపు 240 గ్రాములు, సర్జ్ దాదాపు 355 గ్రాములు బరువు ఉంటాయి. రెండింటిలోనూ తీగ కత్తిరించే అంచులు దెబ్బతింటే వాటిని మాత్రమే మార్చుకోవచ్చు. కంపెనీ 25 ఏళ్ల వారంటీ ఇస్తుంది. విక్టోరినాక్స్ స్విస్‌టూల్ మడిచినప్పుడు 115 మిల్లీమీటర్ల పొడవు, 300 గ్రాములకు కాస్త తక్కువ బరువు. ప్లేయర్‌ను తెరవకుండానే మిగిలిన పనిముట్లన్నీ బయటి వైపు నుంచి తీయవచ్చు, తీసినవి తాళం పడి నిలుస్తాయి. తయారీ లోపాలకు జీవితకాల హామీ ఉంది. కత్తిరించే అంచులు మార్చుకునే వీలు మాత్రం ఇందులో లేదు.

మీకైతే నేను స్విస్‌టూల్‌ను, అందులోనూ బిట్లు పట్టే చిన్న రెంచ్, బిట్ల పెట్టెతో వచ్చే ప్లస్ రకాన్ని సూచిస్తాను. మార్చుకునే తీగ కత్తిరించే అంచులను వదులుకొమ్మంటున్నానంటే కారణం మీ క్యారియర్ తీగలే. పేనిన స్టీలు తీగను ఏ మల్టీటూల్‌తోనూ కత్తిరించకూడదు. సైకిల్ బ్రేకు తీగ లాంటి ఆ గట్టి పోగులు ఎంత మంచి అంచునైనా నొక్కులు పడేలా చేస్తాయి, తీగ కొన కూడా కుచ్చులా విచ్చుకుని కప్పీలో చిక్కుకుంటుంది. దానికి సైకిల్ మెకానిక్కులు వాడే చిన్న కేబుల్ కట్టర్‌ను విడిగా కొని, రేంజ్ అల్మరాలో పెట్టుకోండి. ఆ పని మల్టీటూల్ నుంచి తప్పిస్తే, మిగిలిన వాటికి తాళం గట్టిదనమూ చేతికి ఒదిగే తీరూ ముఖ్యమవుతాయి. ఆ రెండింటిలో స్విస్‌టూల్ నాకు మెరుగనిపిస్తుంది. సర్జ్ ఇంకా దృఢమైనదే గానీ, రోజంతా నడుముకు తగిలించుకుని ఎనిమిది లేన్లూ తిరిగేవారికి ఆ బరువు సాయంత్రానికి తెలుస్తుంది, తెలిసిన రోజున దాన్ని బల్ల మీద వదిలేస్తారు.

తుపాకుల కోసం చేసినవని మీరు విన్నవాటిలో లెదర్‌మన్ మట్ ప్రసిద్ధమైనది. తుపాకి మందు మసిని గీకే కంచు గీకుడు, పిన్నులు తోసే పంచ్, బోల్టు ఇరుక్కుంటే విడిపించే కొక్కెం, శుభ్రపరిచే కడ్డీలు బిగించే మరలు అందులో ఉంటాయి. అవన్నీ మందుగుండుతో పేలే రైఫిళ్ల అవసరాలు, ముఖ్యంగా సైనిక తరహా రైఫిళ్లవి. మీ రేంజ్‌లో పెల్లెట్‌ను తోసేది పీడనంతో బిగించిన గాలి. మసి లేనిచోట మసి గీకుడుకు డబ్బు పెట్టడం అనవసరం. ఎయిర్ రైఫిల్ గొట్టం శుభ్రం చేయడానికి మెత్తని ఫెల్ట్ గుళ్లు చాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మల్టీటూల్ రేంజ్ కోసం, రైఫిల్ కోసం కాదు. స్టాకును (భుజానికి ఆనించే భాగం) యాక్షన్‌కు (పేల్చే యంత్రభాగం) బిగించే స్క్రూలను తయారీదారు చెప్పిన న్యూటన్-మీటర్ల కొలతకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తే గుళ్లు పడే చోటు మారిపోతుంది. ట్రిగర్ జోలికి పోవద్దు. పూర్తిగా నింపినప్పుడు సుమారు 200 బార్ల పీడనం ఉండే గాలి సిలిండర్‌ను ప్లేయర్‌తో పట్టి తిప్పడం ప్రాణాంతకం, దాని మీద ముద్రించిన గడువు తేదీ దాటితే వాడకం మానేయాలి. సిలిండర్ మరలకూ ఓ-రింగులకూ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు) తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు తప్ప పెట్రోలియం నూనెలేవీ తగలనీయవద్దు. బిగిసిన గాలి వేడికి ఆ నూనె మండవచ్చు, రబ్బరు కూడా ఉబ్బిపోతుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి, విలువైన సమయం పోయి, ఆమె ఫైనల్‌కు చేరలేకపోవడం మనమంతా చూశాం. ఆయుధం తెలిసినవారి చేతిలోనే ఉండాలనడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. లైసెన్సు అవసరమైన 0.22 రైఫిళ్లు మీ దగ్గర ఉంటే, వాటి మరమ్మతును లైసెన్సు ఉన్న ఆర్మరర్‌కే (ఆయుధాలు బాగుచేసే నిపుణుడికే) అప్పగించాలి.

పని మొదలుపెట్టే ముందు లేన్లన్నీ ఖాళీ చేయించి, రైఫిళ్లలో సేఫ్టీ ఫ్లాగులు (గుండు లేదని చూపే గుర్తులు) పెట్టించండి. మోటారు మూత తీసే ముందు ఎంసీబీ (కరెంటు బ్రేకర్ స్విచ్) దించండి, ఎందుకంటే మల్టీటూల్ పిడులు పూర్తిగా లోహం, కరెంటు నుంచి రక్షణ ఏమీ ఉండదు. ట్రాపులు విప్పినప్పుడు సీసం ధూళి బ్లేడు సందుల్లోకి చేరుతుంది. ఆ బ్లేడుతో భోజన విరామంలో మామిడికాయ కోసుకునే అలవాటు నేను చాలా చోట్ల చూశాను. దయచేసి మాన్పించండి. ట్రాపు పనికి ఉపయోగించిన పనిముట్టును సబ్బునీళ్లతో కడిగి, చేతులు కూడా కడుక్కున్న తర్వాతే ఇంకేదైనా ముట్టుకోవాలి. నేలను పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ స్టీలు అని పెట్టె మీద స్పష్టంగా ఉంది. అయినా నా మల్టీటూల్‌కు తుప్పు పట్టింది. నకిలీ సరుకు అంటగట్టారా? (పెదవాల్తేరు పాఠకురాలు)

జవాబు: నకిలీయే కానక్కర్లేదు. స్టీలులో క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే, ఉపరితలం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఆ పొరకు శత్రువు ఉప్పులోని క్లోరైడ్. బీచ్ రోడ్డు నుంచి కిలోమీటరు లోపల ఉండే మీ ఇంటి గాలిలో అది ఏడాది పొడవునా ఉంటుంది. పైగా మల్టీటూల్ బ్లేడుకు గట్టిదనం, పదును కావాలి కాబట్టి కార్బన్ కూడిన 420 రకం స్టీళ్లు వాడతారు. వంటింటి గిన్నెలకు వాడే 304 రకం అంత గట్టిపడదు గానీ తుప్పును దానికంటే బాగా తట్టుకుంటుంది. గట్టిదనం కోసం తుప్పు నిరోధాన్ని కొంత వదులుకోవడం తయారీదారు తెలిసి చేసిన ఎంపిక. తుప్పు ఎప్పుడూ కీలు సందులోనే మొదలవడానికి కారణం, అక్కడ చేరిన తేమ ఆరకపోవడమూ, గాలి తగలక ఆక్సైడ్ పొర తిరిగి ఏర్పడలేకపోవడమూను.

నేను సొంతంగా ఒకసారి మంచి మల్టీటూల్‌ను తోలు సంచీలో పెట్టి, వర్షాకాలం మొత్తం మోటారు సైకిల్ డిక్కీలో వదిలేశాను. దసరాకు తీసి చూస్తే సంచీకి తగిలి ఉన్న వైపంతా గోధుమరంగు చుక్కలే. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధిలో వాడిన లవణాలు, ఆమ్లాలు కూడా లోహానికి హాని చేస్తాయి. మన ఊళ్లో నైలాన్ సంచీయే మేలు. నెలకొకసారి పనిముట్లన్నీ విప్పి, మంచినీటితో కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కొక్క కీలు మీద కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేసి, పదిసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నల్లటి మురికిని గుడ్డతో తుడవండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు అది జిగటగా మారి దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇప్పటికే పట్టిన తుప్పు పైపైనే ఉంటే, నూనె అద్దిన నైలాన్ పీచుతో రుద్దితే పోతుంది. లోహంలో సూదిమొన గుంటలు పడి ఉంటే అవి పూడవు గానీ, పనికి అడ్డం రావు.

ప్రశ్న: పోటీలకు జట్టుతో విమానంలో వెళుతుంటాను. మల్టీటూల్‌ను వెంట ఉంచుకోవచ్చా?

జవాబు: చేతి సంచీలో కుదరదు, బ్లేడు ఉంటే తనిఖీ దగ్గర తీసేసుకుంటారు. చెక్-ఇన్ సామానులో, బ్లేడు మూసి, సంచీలో పెట్టి పంపండి. రైఫిళ్లనూ గాలి సిలిండర్లనూ అదే పెట్టెలో కలపకండి. వాటికి విమాన సంస్థ నుంచి ముందుగా తీసుకోవలసిన అనుమతి వేరే ఉంటుంది. సిలిండర్‌ను ఖాళీ చేసి తెమ్మని అడుగుతారు కాబట్టి, దాన్ని విప్పడానికి మీరు వాడే పనిముట్టు తయారీదారు ఇచ్చినదే అయి, రైఫిల్ పెట్టెలోనే ఉండేలా చూసుకోండి.