విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ అధ్యాపకులకు చూపకూడనిదా?

ప్రశ్న: ఎయిడెడ్ డిగ్రీ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. ఈసారి నా వార్షిక పనితీరు నివేదికలో ‘విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ సంతృప్తికరంగా లేదు’ అని రాసి గ్రేడు తగ్గించారు. నా పదోన్నతికి ఇది అడ్డంకి అవుతుంది. ఆ ఫీడ్‌బ్యాక్ చూపించమని అడిగితే, అది గోప్యమని ప్రిన్సిపాల్ నిరాకరించారు. చూసే హక్కు నాకు లేదా?

జవాబు: ఉంది. అయితే ఎవరు ఏమి రాశారో తెలుసుకునే హక్కు మాత్రం లేదు. ఫీడ్‌బ్యాక్‌లో గోప్యత అన్నది విద్యార్థికి ఇచ్చిన రక్షణ. దాన్ని అడ్డుపెట్టుకుని, మీ గ్రేడును తగ్గించిన ఆధారాన్నే మీకు కనబడకుండా దాచడానికి యాజమాన్యానికి వీలు లేదని నా అభిప్రాయం.

ముందుగా గ్రేడు సంగతి. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, వార్షిక రహస్య నివేదికలోని ప్రతి నమోదునూ, అది మంచిదైనా చెడ్డదైనా, సహేతుకమైన గడువులో ఉద్యోగికి తెలియజేయాలనీ, దానిపై విన్నవించుకునే అవకాశం ఇవ్వాలనీ చెప్పింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని ధ్రువీకరించింది. ఇవి ప్రభుత్వ ఉద్యోగుల కేసులే అయినా, ప్రభుత్వ నిధులతో నడిచే మీ కళాశాల విషయంలో వీటిని గట్టిగా ఉదహరించవచ్చు. ‘సంతృప్తికరంగా లేదు’ అన్న ఒక్క వాక్యానికి ఎవరైనా ఏమని సమాధానం రాయగలరు? ఏ సబ్జెక్టులో, ఏ సెమిస్టరులో, ఎంతమంది అభిప్రాయం చెప్పగా ఆ నిర్ణయానికి వచ్చారో తెలియనిదే విన్నపం పేరుకే మిగులుతుంది.

ఇక సమాచార హక్కు చట్టం. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే విద్యాసంస్థలు ఈ చట్టం పరిధిలోకి వస్తాయని డి.ఎ.వి. కళాశాల ట్రస్టు కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది కనుక, మీ కళాశాల పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. సాధారణంగా సెక్షన్ 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఈ మినహాయింపు మరింత విస్తృతమైన మాట నిజమే. కానీ అది ఇతరుల ఆసక్తి నుంచి మిమ్మల్ని కాపాడేందుకు ఉన్నది. గిరీశ్ దేశ్‌పాండే కేసులో (2012) ఉద్యోగి సర్వీసు వివరాలు కోరి భంగపడింది మూడో వ్యక్తి. మీరు అడిగేది మీ గురించే.

మీకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆదిత్య బందోపాధ్యాయ తీర్పు (2011). పరీక్ష రాసిన విద్యార్థి దిద్దిన తన జవాబుపత్రాన్ని చూడవచ్చనీ, దిద్దినవారి గుర్తింపును మాత్రం కప్పి ఉంచాలనీ అందులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో మూల్యాంకనం చేసినవారు విద్యార్థులు, మూల్యాంకనం జరిగింది మీకు, తర్కం అదే. ఇవ్వకూడని భాగాన్ని తీసివేసి మిగిలినది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతోంది.

దరఖాస్తులో పేర్లు గానీ, హాల్‌టికెట్ నంబర్లు గానీ, చేతిరాత ఉన్న అసలు ఫారాలు గానీ అడగవద్దు. ప్రశ్నలవారీ సగటు మార్కులు, పాల్గొన్నవారి సంఖ్య, టైపు చేసిన వ్యాఖ్యలు, గ్రేడు లెక్కకట్టిన పద్ధతి అడగండి. క్లాసులో విద్యార్థులు కొద్దిమందే ఉంటే వ్యాఖ్యల శైలిని బట్టి మనిషిని పోల్చుకోవచ్చు; అలాంటప్పుడు వ్యాఖ్యలకు బదులు సారాంశం ఇస్తామంటే ఒప్పుకోండి. రాసిందెవరని మాత్రం క్లాసులో ఆరా తీయవద్దు. మీ చేతిలో ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి. ఆ విద్యార్థి భయం న్యాయమైనదే. పైగా అలా ఆరా తీస్తే క్రమశిక్షణ చర్యకు మీరే అవకాశం ఇచ్చినవారవుతారు.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, తిరస్కరించినా, మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. దాని తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయడానికి మీకు తొంభై రోజుల గడువు ఉంటుంది. నిరాకరణ సరైనదని రుజువు చేసే భారం సెక్షన్ 19(5) ప్రకారం సమాచార అధికారిదే. అప్పీలు తేలేదాకా ఆగకుండా, గ్రేడుపై మీ అభ్యంతరాన్ని ఇప్పుడే రాతపూర్వకంగా ఇచ్చి, ఆధారాలు అందాక అదనపు విన్నపం సమర్పించే హక్కును అట్టిపెట్టుకుంటున్నట్లు అందులో రాయండి. రసీదు తప్పక తీసుకోండి.