టెక్ సందేహాలు: ఆగిపోయిన సర్వీస్ దానంతటదే మళ్లీ మొదలవ్వాలంటే

ప్రశ్న: హనుమకొండలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. దోస్త్ అడ్మిషన్ల రోజుల్లో పిల్లలు లైన్లో నిలబడి ఉంటారు, సరిగ్గా అప్పుడే ప్రింట్లు రావడం ఆగిపోతుంది. సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ను స్టార్ట్ చేస్తే మళ్లీ వస్తాయి. మొదట ఒకటి రెండుసార్లు దానంతటదే సర్దుకుంటుంది, ఆ తర్వాత ప్రతిసారీ నేనే వెళ్లి స్టార్ట్ చేయాల్సి వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. దారేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

ఉందమ్మా. విండోస్‌లోనే ఉంది, ఏమీ కొనక్కర్లేదు. ప్రింట్ స్పూలర్ అంటే ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ సర్వీస్, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. వచ్చిన జాబితాలో ప్రింట్ స్పూలర్ మీద డబుల్ క్లిక్ చేసి రికవరీ ట్యాబ్ తెరవండి. ఫస్ట్ ఫెయిల్యూర్, సెకండ్ ఫెయిల్యూర్, సబ్‌సీక్వెంట్ ఫెయిల్యూర్స్ అని మూడు గళ్లు కనిపిస్తాయి. చాలా కంప్యూటర్లలో మొదటి రెంటికీ ‘రీస్టార్ట్ ద సర్వీస్’ అని, మూడోదానికి ‘టేక్ నో యాక్షన్’ అని ఉంటుంది. రెండుసార్లు సర్దుకుని తర్వాత మొండికేయడానికి కారణం అదే. మూడో గడిని కూడా రీస్టార్ట్‌కి మార్చండి. కింద ‘రీస్టార్ట్ సర్వీస్ ఆఫ్టర్’ దగ్గర 1 నిమిషం, ‘రీసెట్ ఫెయిల్ కౌంట్’ దగ్గర 1 రోజు పెట్టండి. అదే జాబితాలో ‘రీస్టార్ట్ ద కంప్యూటర్’ కూడా ఉంటుంది. దాని జోలికి వెళ్లొద్దు. పక్క విండోలో ఎవరిదో ఫీజు పేమెంట్ సగంలో ఉండగా సిస్టమ్ ఆఫ్ అయితే ఆ పిల్లల డబ్బులతో చిక్కు.

పని ఇక్కడితో అయిపోలేదు. అసలు స్పూలర్ ఎందుకు పడిపోతోంది? క్యూలో ముందున్న ఫైల్ పాడై ఉంటే స్పూలర్ లేస్తుంది, మళ్లీ అదే ఫైల్‌ను చదువుతుంది, మళ్లీ పడిపోతుంది. ఎన్నిసార్లు లేపినా అంతే. అలాంటప్పుడు సర్వీస్‌ను స్టాప్ చేసి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్లలోకి వరుసగా వెళ్లి, చివరి ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ తీసేసి, తిరిగి స్టార్ట్ చేయండి. ఫైళ్లే తీసేయాలి, ఫోల్డర్‌ను తీసేయకూడదు. క్యూలో ఉన్న ప్రింట్లు పోతాయి కాబట్టి లైన్లో ఉన్నవాళ్లకు ముందే చెప్పి మళ్లీ ఇవ్వండి.

క్యూ ఖాళీ చేసినా పడిపోతుంటే డ్రైవర్‌ను, అంటే ప్రింటర్‌తో విండోస్‌ను కలిపే ప్రోగ్రాంను అనుమానించాలి. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కండి. సర్వీస్ కంట్రోల్ మేనేజర్ పేరుతో 7031 లేదా 7034 నంబర్లు కనిపిస్తాయి. సర్వీస్ అనుకోకుండా ఆగిపోయిందని, ఎన్నోసారి ఆగిందో కూడా అందులో రాసి ఉంటుంది. అదే సమయానికి పక్కనున్న అప్లికేషన్ లాగ్‌లో 1000 నంబర్ ఎర్రర్ ఉందేమో వెతకండి. అందులో ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ అనే లైన్ ఉంటుంది. అక్కడ మీ ప్రింటర్ కంపెనీ ఫైల్ పేరు ఉంటే దొంగ దొరికినట్టే. మీలాంటి సెంటర్లలో ఎప్పుడో మార్చేసిన పాత ప్రింటర్ల డ్రైవర్లు కూడా అలాగే ఉండిపోతాయి. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లోని డ్రైవర్స్ ట్యాబ్‌లో వాడనివి తీసేసి, వాడేదాన్ని కంపెనీ సైట్ నుంచి కొత్తగా వేసుకోండి. రద్దీ లేని రోజు ఒక పూట ఈ పనికి పెట్టుకోండి.

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్‌లో మాకు అడ్తి దుకాణం ఉంది. తక్‌పట్టీలు (రైతులకిచ్చే లెక్క చీటీలు), లెక్కలు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్) మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో రాస్తాం. ఈమధ్య పాత బిల్లులు తెరుచుకుంటున్నాయి గానీ కొత్తవి సేవ్ కావట్లేదు. సర్వీస్ మాత్రం ‘రన్నింగ్’ అనే చూపిస్తోంది. తెలిసిన అబ్బాయి టాస్క్ షెడ్యూలర్‌లో గంటకోసారి రీస్టార్ట్ అయ్యేలా పెట్టాడు. ఫరక్ రాలేదు.
– ఒక పాఠకుడు, వరంగల్

ముందు ఆ గంటకోసారి రీస్టార్ట్‌ను ఈరోజే ఆపేయండి. గుమస్తా తక్‌పట్టీ సేవ్ చేస్తున్న క్షణంలో సర్వర్ ఆగితే ఆ ఎంట్రీ పోతుంది. రైతు చేతికిచ్చిన కాగితానికీ మీ లెక్కకూ పొంతన ఉండదు.

‘రన్నింగ్’ అంటే ప్రోగ్రాం బతికి ఉందని మాత్రమే, పని చేస్తోందని కాదు. రికవరీ ట్యాబ్ కూడా ప్రోగ్రాం పడిపోతేనే కదులుతుంది. బతికే ఉండి బిగుసుకుపోతే దానికి తెలియదు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే డేటాబేస్ నిండిపోయిందని నాకు గట్టి అనుమానం. 2022 వెర్షన్ వరకు ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఒక్కో డేటాబేస్ 10 జీబీకి మించి పెరగదు. పరిమితి తాకాక చదవడం సాగుతుంది, కొత్తవి రాయడం ఆగుతుంది. డేటా ఫోల్డర్‌లో ఎండీఎఫ్ ఫైల్ (డేటాబేస్ ఉండే ఫైల్) సైజు చూడండి. ఎర్రర్ లాగ్‌లో 10240 ఎంబీ లైసెన్స్ పరిమితి అన్న మాట ఉంటే ఇక సందేహమే లేదు. ఫైల్ చిన్నదే అయితే డ్రైవ్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి.

డేటాబేసే నిండితే రీస్టార్ట్‌తో ఏ లాభమూ లేదు. బ్యాకప్ తీసి వేరే డిస్క్‌లో పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను పిలిచి, పాత సంవత్సరాల లెక్కలను వేరే డేటాబేస్‌లోకి మార్పించండి. మిర్చి రాక పెరిగేలోపే చేయించుకోండి.

ఇలాంటి దుకాణాల నుంచి తరచూ వచ్చే మరో ఫిర్యాదు: కరెంటు పోయి వచ్చాక సర్వర్ దానంతటది లేవదు, చేత్తో స్టార్ట్ చేస్తే లేస్తుంది. పాత హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు అన్నీ ఒకేసారి మీద పడతాయి. సర్వీస్ 30 సెకన్లలో బదులివ్వకపోతే విండోస్ దాన్ని వదిలేస్తుంది. స్టార్టప్ టైప్‌ను ‘ఆటోమేటిక్ డిలేయ్డ్ స్టార్ట్’కు మారిస్తే దాదాపు రెండు నిమిషాలు ఆగి మొదలవుతుంది. చాలాసార్లు అదే సరిపోతుంది.

ప్రశ్న: అన్నా, నేను కాజీపేటలో ఇంజినీరింగ్ చదువుతున్నా. నర్సంపేట దగ్గర మా పొలంలో రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టి, మట్టి తేమ చూసే పైథాన్ ప్రోగ్రాం నడుపుతున్నా. నెట్ పోయినప్పుడల్లా ప్రోగ్రాం ఆగిపోతోంది. ప్రతిసారీ ఊరికి పోవాల్సి వస్తోంది.
– ఒక విద్యార్థి

తమ్ముడూ, ప్రోగ్రాంను టెర్మినల్‌లో కాకుండా సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) సర్వీస్‌గా నడుపు. ఆ సర్వీస్ వివరాలు రాసే యూనిట్ ఫైల్‌లో ‘రీస్టార్ట్’ విలువ ‘ఆన్ ఫెయిల్యూర్’, ‘రీస్టార్ట్ సెక్’ విలువ 30 (సెకన్లు) పెట్టు. ఆ రెండోది మర్చిపోవద్దు. ఏమీ ఇవ్వకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లకే మళ్లీ లేపుతుంది. నెట్ లేకపోతే వెంటనే మళ్లీ పడుతుంది. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టాక కూడా పడిపోతే ఇక ప్రయత్నం మానేస్తుంది. నెట్ తిరిగి వచ్చినా నీ ప్రోగ్రాం పడుకునే ఉంటుంది.

ఇంతకన్నా మంచి పని కోడ్‌లోనే ఉంది. నెట్ లేదని ప్రోగ్రాం ఎందుకు ఆగాలి? రీడింగ్‌ను కార్డులోని ఫైల్‌లో రాసుకుని, నెట్ వచ్చాక పంపేలా మార్చు. రాస్ప్‌బెర్రీ పై మొత్తమే బిగుసుకుపోయినప్పుడు కాపాడటానికి బోర్డులోనే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ ఉంది. సిస్టమ్‌డీ కాన్ఫిగరేషన్‌లో ‘రన్‌టైమ్ వాచ్‌డాగ్ సెక్’ విలువ 15 సెకన్ల లోపు పెట్టు. ఆ సమయంలో సిస్టమ్ నుంచి సంకేతం అందకపోతే బోర్డు తనే రీబూట్ అవుతుంది. ఊరికి వెళ్లేలోపు ఇంట్లోనే నెట్ తీసేసి, పెట్టి చూసుకో. ప్రోగ్రాం ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది అన్నది జర్నల్‌సీటీఎల్ అనే లాగ్ చూపించే కమాండ్‌లో సమయంతో సహా కనిపిస్తుంది.