పదేపదే పాడవుతున్న గీజరు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. వారంటీ ముగిసిన ఏడాదిన్నరలో మీ గీజరు మూడుసార్లు పాడైందనీ, మూడుసార్లూ నీళ్లను వేడిచేసే ఎలిమెంటే కాలిపోయిందనీ, ఇప్పుడు మెకానిక్ కొత్తది కొనుక్కోమంటున్నాడనీ రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ మరమ్మతు పనిలోనే ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను, మూడు ఎలిమెంట్లు వరుసగా కాలిపోయాయంటే లోపం వాటిలో ఉండే అవకాశం తక్కువ. వాటిని కాలుస్తున్నదేమిటో తేల్చుకోకుండా నాలుగోది వేయించినా, కొత్త గీజరే తెచ్చినా, అదే కథ మళ్లీ మొదలవుతుంది.

చాలా ఇళ్లలో దానికి కారణం ఉప్పునీళ్లు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు వేడి తగలగానే విడిపోయి, ఎలిమెంటు మీద గట్టి తెల్లని పొరగా పేరుకుంటాయి. ఆ పొర మందమైన కొద్దీ ఎలిమెంటులోని వేడి బయటి నీళ్లలోకి పోలేక లోపలే నిలిచిపోతుంది. చివరికి ఎలిమెంటు గొట్టం లోపలి తీగ తట్టుకోలేక తెగిపోతుంది. ఈ మధ్య ఒక ఇంట్లో నేను విప్పిన గీజరులో చిటికెన వేలంత ఉండవలసిన ఎలిమెంటు బొటనవేలిని మించి లావైంది. స్పానరుతో మెల్లగా తడితే గోడ పెచ్చులు ఊడినట్టు ముక్కలు ఊడిపడ్డాయి. ట్యాంకు అడుగున చేయి పెట్టి తోడితే రెండు దోసిళ్ల తెల్లని రవ్వ, బురద వచ్చాయి. అంతకుముందు రెండుసార్లు ఎలిమెంటు మార్చిన వారెవరూ ఆ ట్యాంకును కడగలేదు. కొత్త ఎలిమెంటును ఆ బురదలోనే కూర్చోబెట్టి వెళ్లిపోయారు. మీ ఇంట్లోనూ అదే జరిగిందేమోనని నా అనుమానం.

అందువల్ల ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు పక్కనే నిలబడి చూడు. ఎలిమెంటు బయటికి తీయగానే ట్యాంకును పూర్తిగా కడిగించు. అక్కడే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు ఉక్కును పట్టవలసిన తుప్పును తన మీదికి తీసుకుని క్రమంగా అరిగిపోవడమే దాని పని. అది సన్నబడి లోపలి ఇనుప తీగ బయటపడి ఉంటే వెంటనే మార్పించు, ఎందుకంటే కడ్డీ అయిపోయాక తుప్పు ట్యాంకును తినడం మొదలుపెడుతుంది. నీళ్లు ఉప్పువైతే ఏడాదికొకసారి ఈ రెండు పనులూ చేయించడం మంచిది. చిన్న ఖర్చే అయినా, అడగనిదే చేసేవారు అరుదు.

నీళ్లు ఎంత వేడెక్కాలో నిర్ణయించే థర్మోస్టాట్‌ను 75 డిగ్రీల దగ్గర పెట్టుకునే అలవాటు ఉంటే 60కి తగ్గించు, పొర నెమ్మదిగా పడుతుంది. అంతకన్నా బాగా తగ్గించి వదిలేయడం మాత్రం మంచిది కాదు; గోరువెచ్చగా నిలిచిన నీటిలో హానికరమైన బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఎలిమెంటు మీద పొర ఏమీ లేకుండానే కాలిపోయి ఉంటే, ట్యాంకు నిండకముందే స్విచ్ వేశారేమో ఆలోచించు. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది. మరమ్మతు అయిన రోజున, నీళ్లు ఆగిపోయి మళ్లీ వచ్చిన రోజున, వేడినీటి కుళాయి విప్పి, గాలి పోయి ధార సమంగా వచ్చిన తరువాతే స్విచ్ వేయాలి. ప్లగ్గు కూడా ఒకసారి చూడు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. పిన్నులు గోధుమరంగుకు తిరిగి ఉంటే సాకెట్టు మార్పించవలసిందే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే కటౌట్ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి వైర్లను నేరుగా కలుపుతానని గానీ, ఎక్కువైన ఒత్తిడిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ కారుతోందని దాన్ని మూసేస్తానని గానీ ఎవరన్నా, పని అక్కడే ఆపించు. ఆ రెండూ లేని గీజరులో నీళ్లు మరిగి, ఆవిరి ఒత్తిడికి ట్యాంకు పేలిపోగలదు. స్విచ్‌బోర్డులోని ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్, పడిపోతే కరెంటు ఎక్కడో లీకవుతోందని అర్థం. మళ్లీ పైకెత్తి స్నానానికి వెళ్లవద్దు. ఇంట్లో పిల్లలున్నారు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొత్తది కొనాలా వద్దా అన్నది ట్యాంకును బట్టి తేల్చుకో. ట్యాంకే కారుతుంటే మరమ్మతుకు ఆశపడకు. వెల్డింగు చేయిస్తే లోపలి పూత ఆ వేడికి చెడిపోయి అక్కడే మళ్లీ తుప్పు పడుతుంది. ట్యాంకు గట్టిగా ఉంటే ఎలిమెంటు, థర్మోస్టాట్, వాల్వ్, గాస్కెట్ అన్నీ మార్చుకోదగినవే. దానికి ముందు వారంటీ కార్డు మరొకసారి చదువు. చాలా కంపెనీలు ట్యాంకుకు విడిగా, ఎక్కువ ఏళ్ల వారంటీ ఇస్తాయి. గీజరు వారంటీ ముగిసిందనుకుని ఆ సంగతి మరిచిపోయేవారిని ఎందరినో చూశాను. మార్చిన భాగానికి ఎన్నాళ్ల హామీ ఉందో బిల్లు మీద తేదీతో రాయించుకో, పాత భాగాన్ని నీ దగ్గరే ఉంచుకో.

మెకానిక్ వచ్చే రోజు ముందుగా తెలియజేయి. ఎలిమెంటూ, కడ్డీ బయటికి తీసిన వెంటనే, తుడవకముందే, రెండింటి ఫోటోలు నాకు పంపు. అవి చూశాక ఏం కొనాలో, ఏం కొనకూడదో చెబుతాను.

ఇట్లు,
మామయ్య